మందు పేరు తరువాత, ముందు మనిషిని చెప్పండి

వృద్ధుల ఆరోగ్యం గురించి వైద్యులకు వచ్చే ఉత్తరాలు చాలావరకు ఒకే విధంగా ఉంటాయి. “మా నాయనకు 74 ఏండ్లు. మోకాళ్ళు పట్టుకొని పోయినవి. రాత్రులు నిద్ర లేదు. మంచి ఆయుర్వేద మందు తెలుపగలరు.” అంతే. ఆ పెద్దాయన ఏ పని చేసి బ్రతికినాడో, బరువు ఎంతో, పండ్లు ఉన్నవో ఊడినవో, మూత్రానికి రాత్రి ఎన్నిసార్లు లేస్తాడో, రక్తపోటుకు, మధుమేహానికి ఇప్పటికే ఎన్ని మాత్రలు మింగుతున్నాడో, అన్నం పెట్టేది ఎవరో, ఒక్క మాటా ఉండదు. ఉత్తరం వ్రాసిన కుమారునిది లోపమని నేను అనను. మన పత్రికల్లో, ఔషధాల ప్రకటనల్లో, తుదకు కొన్ని పరిశోధన పత్రాల్లో కూడా మందును గురించి పేజీలకు పేజీలు వ్రాసి, ఆ మందు తిన్న మనిషిని గురించి రెండు వాక్యాలతో సరిపెట్టడం మనకు అలవాటైపోయింది. ఆయన దానినే అనుసరించినాడు.

ఒక ఔషధం పనిచేసినదా లేదా అనే ప్రశ్నకంటె ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. ఎవరి మీద పనిచేసినది? ముఖ్యంగా 60 దాటిన వారి విషయంలో ఈ ప్రశ్నకు జవాబు లేనిచో, తరువాత చెప్పే అంకెలకు విలువ లేదని నా నిశ్చితాభిప్రాయం. ఇందుకు ఉదాహరణ కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. మన నెల్లూరు సముద్రతీరంలోనే ఉన్నది.

2021 మే నెల పాఠకులకు జ్ఞాపకమే. కరోనా రెండవ విజృంభణ నడుస్తున్నది. ఆస్పత్రులలో మంచాలు లేవు, ప్రాణవాయువు దొరకదు. ఆ రోజుల్లో ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్యగారు మూలికలతో తయారుచేసిన మందును ఉచితంగా పంచుతున్నారని విని వేలాది జనం ఆ ఊరికి తరలివచ్చినారు. మే 21వ తేదీన జనం అదుపు తప్పడంతో పంపిణీ నిలిపివేయవలసి వచ్చినది. ఊపిరాడని వృద్ధులను అంబులెన్సులలో, ప్రాణవాయువు గొట్టాలతో సహా తీసికొనివచ్చిన బిడ్డలు ఆ జనంలో ఉన్నారు. వారిని ఎగతాళి చేసేవారిని చూస్తే నాకు కోపం వచ్చేది. కన్నతండ్రి కళ్ళముందు రొప్పుతూ ఉంటే ఎవరైనా ఎక్కడికైనా పరుగెత్తుతారు.

తరువాత కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి రంగంలోకి దిగినది. తిరుపతి, విజయవాడలలోని ఆయుర్వేద సంస్థల వైద్యులు, మందు తీసికొన్న కొన్ని వందల మందిని ఫోను ద్వారా విచారించే పని చేపట్టినారు. ఆ మందు కరోనాను నయం చేస్తుందనుటకు నిరూపణ లేదు, అయితే హాని కూడా కనబడలేదు అనే నివేదికల ఆధారంగా, మే నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం పి, ఎల్, ఎఫ్ అనే అక్షరాలతో పిలువబడిన మందులకు అనుమతి ఇచ్చినది. కంటిలో వేసే చుక్కలకు మాత్రం ఇవ్వలేదు. జూన్ మొదటి వారం తరువాత పంపిణీ మరల సాగినది.

అప్పటినుండి ఇప్పటివరకు ఎందరో నన్ను అడిగినారు: “అయ్యా, ఆ మందు మంచిదా, చెడ్డదా?” మంచిదని చెప్పుటకుగాని చెడ్డదని చెప్పుటకుగాని తగిన ఆధారాన్ని ఆ వరుస మనకు మిగుల్చలేదు. వచ్చినవారిలో 30 ఏండ్లవారు ఎందరు, 70 దాటినవారు ఎందరు? పరీక్షలో రోగం తేలినవారు ఎందరు, భయంతో ముందుజాగ్రత్తగా తీసికొన్నవారు ఎందరు? రోగం మొదలైన ఎన్నవ రోజున మందు పడినది? అంతకు ముందే ఆస్పత్రి మందులు వాడుతున్నారా? మధుమేహం ఉన్నదా? ఈ వివరాలు మందు చేతిలో పెట్టే సమయంలో వ్రాసికొనవలసినవి. వారాల తరువాత ఫోను చేసి అడిగితే బ్రతికి ఉన్నవారు, కోలుకున్నవారు మాత్రమే తీరికగా జవాబు చెబుతారు. మోగి మోగి ఆగిపోయిన ఫోను వెనుక ఏమి జరిగినదో ఎవరికి తెలుసు?

ఒక చిన్న లెక్క చూడండి. ఇది ఊహకు చెబుతున్నది మాత్రమే. ఒక వైద్యుడు నూరుమందికి మందు ఇచ్చినాడు, 98 మంది కోలుకున్నారు. మరొకడు నూరుమందికి ఇచ్చినాడు, 85 మంది కోలుకున్నారు. ఎవరి మందు గొప్పది? మొదటివాని దగ్గరకు వచ్చినవారు పడుచువారు, మందు లేకపోయినా దాదాపు అందరూ లేచి తిరిగేవారే. రెండవవాని దగ్గరకు వచ్చినవారు 75 ఏండ్ల వృద్ధులు, మధుమేహం, ఆయాసం, రక్తపోటు ఉన్నవారు. ఇప్పుడు చెప్పండి. ఒక్క వయస్సు అనే గడి నింపకపోవడంతో రెండవవాని శ్రమ చెత్తబుట్టలో పడినది, మొదటివానికి శాలువా కప్పబడినది. కృష్ణపట్నంలో ఆనందయ్యగారి మందుకు మేలు జరిగినదో కీడు జరిగినదో నాకు తెలియదుగాని, ఆ మందు నిజంగా గుణమిచ్చేదైతే దానికి అన్యాయం జరిగినది. గుణం లేనిదైతే దానిని నమ్మిన వృద్ధులకు అన్యాయం జరిగినది. ఈ రెంటిలో ఒకటి తప్పక జరిగినది.

ఆధునిక వైద్య పరిశోధన పత్రాలను చదివే అలవాటు ఉన్నవారికి తెలిసే ఉంటుంది, వాటిలో మొట్టమొదటి పట్టిక మందును గురించినది కాదు. పరిశోధనలో చేరినవారు ఎవరు అన్నదే ఆ పట్టిక. సగటు వయస్సు, స్త్రీలు ఎందరు, పురుషులు ఎందరు, బరువు, రక్తపోటు, పూర్వవ్యాధులు, పొగత్రాగే అలవాటు, వాడుతున్న ఇతర మందులు. చాలామంది దానిని దాటుకొని ఫలితాల దగ్గరకు పోతారు. నేను మాత్రం దానినే ముందు చదువుతాను. నాడి పట్టకుండా మందు ఇవ్వరాదని నేర్పిన గురువు దగ్గర చదువుకున్నవాడిని గనుక ఈ అలవాటు నాకు సహజంగానే వచ్చినది.

ఆ పట్టిక ఎంత చెబుతుందో ఒక్క ఉదాహరణ. 80 ఏండ్లు దాటినవారికి రక్తపోటు తగ్గించే మాత్రలు ఇవ్వవచ్చునా అనే సందేహం పాశ్చాత్య వైద్యంలో చాలాకాలం ఉండేది. 2008లో హైవెట్ అనే పరిశోధన వెలువడినది. 3,845 మంది పాల్గొన్నారు. సగటు వయస్సు 83 దాటినది. మాత్రలు వేసికొన్నవారిలో మరణాలు సుమారు 21 శాతం తగ్గినవి. వార్తలు ఇంతవరకే వ్రాసినవి. మొదటి పట్టిక చూస్తే మరొక సంగతి తెలుస్తుంది. వారిలో పూర్వం గుండె, రక్తనాళాల జబ్బు వచ్చినవారు నూటికి 12 మందే. మతిమరపు వ్యాధి ఉన్నవారిని, ఇతరుల సేవ లేనిదే గడవనివారిని అసలు చేర్చుకొననే లేదు. అనగా వీరు 80 దాటినా గట్టిగా తిరుగుతున్న వృద్ధులు. మరి మంచం పట్టిన 84 ఏండ్ల అవ్వకు, లేచి నిలుచుంటే తల తిరిగి పడిపోయే తాతకు ఆ ఫలితం అట్లే వర్తిస్తుందా? ఆ పరిశోధకులు దాచలేదు, పట్టికలో వ్రాసి పెట్టినారు. చదువనిది మనము. ఆ పత్రం చూపి అల్లోపతిని ఆక్షేపించుట నా ఉద్దేశం కాదు. తమ రోగులు ఎవరో వారు చెప్పినారు గనుకనే దాని హద్దు ఎక్కడ ఉన్నదో మనకు తెలిసినది. ఆ హద్దు చెప్పని మూలికల ప్రశంసాపత్రంకంటె అది వెయ్యిరెట్లు నిజాయితీ గలది.

ఇక్కడ మన శాస్త్రం మాట చెప్పవలెను. చరక సంహిత విమానస్థానంలో రోగిని పది విధాలుగా పరీక్షించమని చెప్పబడినది: ప్రకృతి, వికృతి, సారం, సంహననం, ప్రమాణం, సాత్మ్యం, సత్త్వం, ఆహారశక్తి, వ్యాయామశక్తి, వయస్సు. ఈ పదీ గళ్ళు గీసి నింపితే అదే మొదటి పట్టిక. సంహననం అంటే దేహం కూర్పు, ప్రమాణం అంటే కొలతలు, సాత్మ్యం అంటే ఏ ఆహారానికి, ఏ అలవాట్లకు దేహం అలవడి ఉన్నదో అది. ఇందులో కొన్ని నేటి పట్టికలలో కూడా కనబడవు. వృద్ధుడు ఎంత తినగలడు, తిన్నది ఎంత అరిగించుకొనగలడు అనే ఆహారశక్తి సంగతి ఎన్ని పత్రాలలో ఉన్నది?

అయితే “ఇవన్నీ మన ఋషులు ఎప్పుడో చెప్పినారు” అని మీసం మెలివేసే ధోరణి నాకు గిట్టదు. చెప్పినది నిజమే. ఆ పదింటిని రోగి రోగికీ వ్రాసి దాచిన వైద్యులు ఎందరు? వంశపారంపర్యంగా వచ్చిన తాళపత్రాలలో యోగాలు ఉన్నవి, కషాయాలు ఉన్నవి, భస్మాలు ఉన్నవి. వాటిని సేవించిన మనుషుల జాబితాలు కానరావు. శాస్త్రంలో లేక వ్రాయనివారిని క్షమించవచ్చును. శాస్త్రంలో ఉండి వ్రాయకపోతే ఏమనవలెను?

వృద్ధాప్యం ఎప్పుడు మొదలవుతుంది అనే విషయంలోనూ మనవారు ఏకాభిప్రాయులు కారు. చరకుడు 60 తరువాతిది జీర్ణవయస్సు అన్నాడు. సుశ్రుతుడు 70 వరకు మధ్యవయస్సే అన్నాడు. నేడు ప్రభుత్వం 60 ఏండ్లకు వృద్ధుల లెక్కలో చేర్చుకుంటున్నది, కనుక లోకం చరకుని పక్షాన ఉన్నదనుకోవచ్చును. శరీరం మాత్రం కొన్నిసార్లు సుశ్రుతుని పక్షాన ఉంటుంది.

మన దేశంలో వృద్ధులు ఎవరు, ఎట్లా ఉన్నారు అని ఇంటింటికి పోయి వ్రాసిన పెద్ద ప్రయత్నం ఒకటి జరిగినది. లాసీ అనే పేరుతో ముంబయిలోని జనాభా అధ్యయన సంస్థ ఆధ్వర్యంలో 2017-18లో మొదటి విడత సాగినది. 45 ఏండ్లు దాటినవారిని, వారి జీవిత భాగస్వాములను కలిపి 72,250 మందిని కలిసినారు. వారిలో 60 దాటినవారు 31,464 మంది, 75 దాటినవారు 6,749 మంది. 2021 జనవరిలో నివేదిక వెలువడినది. దేశంలో ఏడున్నర కోట్లమంది వృద్ధులు ఏదో ఒక దీర్ఘవ్యాధితో ఉన్నారని, నూటికి 27 మందికి ఒకటికంటె ఎక్కువ వ్యాధులు ఉన్నవని, నూటికి 40 మందికి ఏదో ఒక అంగవైకల్యం ఉన్నదని, 20 మందికి మానసికమైన ఇబ్బందులు ఉన్నవని తేలినది. ఆ సర్వేలో నన్ను ఆకర్షించినది ప్రశ్నలు మాత్రమే కాదు. పిడికిలి బిగువును యంత్రంతో కొలిచినారు, కొంత దూరం నడిపించి వేగం చూచినారు. బలం, వ్యాయామశక్తి అని మనం శ్లోకాలలో వల్లించేదానిని వారు అంకెలో పెట్టినారు.

ఆ 27 శాతం మాట ఇంట్లో వృద్ధులు ఉన్నవారు మరువరాదు. “మోకాళ్ళ నొప్పికి మందు” అని అడిగేటప్పుడు ఆ మోకాళ్ళు ఒంటరిగా లేవు. వాటితోపాటు ఒక గుండె, రెండు మూత్రపిండాలు, ఒక అలసిన జఠరాగ్ని ఉన్నవి.

ఇంటింటికి పోయే సర్వేలోనూ కొందరు తప్పిపోతారు. ఇల్లే లేక వృద్ధాశ్రమాలలో ఉన్నవారు అందులో ఉండరు. ఆ లోటును కొంత పూరించిన పని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థది. 41 వృద్ధాశ్రమాలకు పోయి 1,182 మంది కళ్ళు పరీక్షించినారు. సగటు వయస్సు 75, వారిలో సుమారు మూడింట రెండు వంతులు స్త్రీలు. నూటికి 30 మందికి చూపు తగినంత లేదు. ఆ లోపాలలో ఎక్కువభాగం శుక్లాల శస్త్రచికిత్సతోనో కళ్ళజోడుతోనో సరిదిద్దదగినవే. చూపు ఆనని అవ్వకు “కాళ్ళు తడబడుతున్నవి, వాతం” అని తైలం మర్దన చేయించే ఇండ్లు మనలో ఎన్ని ఉన్నవో ఆలోచించండి. తైలం మంచిదే. కళ్ళజోడు ముందు.

ఇక మన తీరగ్రామాల సంగతి. మైపాడు, ఇసకపల్లి, తుమ్మలపెంట, జువ్వలదిన్నె వంటి ఊళ్ళలో ఒక వృద్ధుని వివరాలు వ్రాయవలెనంటే పట్టణపు ఆస్పత్రి కాగితం చాలదు.

మొదటి చిక్కు వయస్సే. “ఎన్నేండ్లు తాతా?” అంటే “అరవయ్యో, డెబ్బయ్యో” అంటాడు. ఆధార్ కార్డు చూస్తే పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది. మన రాష్ట్రంలో సగంమంది వృద్ధులు ఆ ఒక్క రోజే పుట్టినట్లు కనబడుతుంది! నేను తుఫానులను పట్టుకొని లెక్క వేస్తాను. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నాటికి పెళ్ళి అయినదా? బిడ్డలు ఎందరు? 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను నాటికి పెద్దకొడుకు పడవ ఎక్కుతున్నాడా? ఇట్లా అడిగితే నాలుగైదేండ్ల తేడాతో నిజమైన వయస్సు దొరుకుతుంది. 62 ఏండ్ల మనిషికి ఇచ్చే మోతాదు 76 ఏండ్ల మనిషికి ఇవ్వరాదు గనుక ఈ శ్రమ వృథా కాదు.

రెండవది వృత్తి. “కూలి” అని ఒక్క మాట వ్రాస్తే ఏమి తెలియదు. వల లాగినవాని భుజం వేరు, ఉప్పుమళ్ళలో కాళ్ళు నానినవాని పాదం వేరు, రొయ్యల గుంటల దగ్గర రాత్రికాపలా కాసినవాని నిద్ర వేరు. నలభై ఏండ్లు సముద్రం మీది ఎండ వెలుగును చూచిన కన్ను వేరు. ఉప్పుచేప, ఊరగాయ, చల్దన్నం మీద పెరిగిన నాలుకకు ఉప్పు తగ్గించమంటే అన్నమే మానివేస్తుంది. సాత్మ్యం అనే గడి అందుకే ఉన్నది. అలవాటైనదానిని ఒక్కసారిగా కాక క్రమంగా, కొంచెం కొంచెంగా తప్పించమని శాస్త్రం చెబుతున్నది.

మూడవదానిని ఎవరూ అడగరు. ఇప్పుడు 70 దాటిన మగవారు, కలిగిరి మండలం దూబగుంటలో స్త్రీలు సారా మీద తిరుగబడిన 1992 నాటికి నడివయస్సువారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చేవరకు ఎన్నేండ్లు, ఎంత త్రాగినారు? తరువాత మానినారా, వేరేదానికి మారినారా? కాలేయం, నరాలు, జ్ఞాపకశక్తి ఆ లెక్కను మరచిపోవు. భార్య ప్రక్కన ఉండగా అడిగితే జవాబు రాదు, ఒంటరిగా అడుగవలెను. చుట్ట, నమిలే పొగాకు కూడా అంతే. ఆడవారిని కూడా అడుగవలెను.

నాలుగవది మిక్కిలి సున్నితమైనది. భర్త పోయిన అవ్వ ఎవరి దగ్గర ఉంటున్నది? నెలకొక కొడుకు ఇంట వంతు తినుచున్నదా? పింఛను డబ్బు ఎవరి చేతిలో ఉన్నది? “ఆకలి మందగించినది, అగ్నిమాంద్యం” అని వచ్చే వృద్ధస్త్రీలలో కొందరికి ఆకలి బాగానే ఉన్నది. రెండవసారి అడిగి తినడానికి మొగమాటం. పండ్లు లేని నోటికి మెత్తగా వండి పెట్టే చేయి లేదు. ఇట్టివారికి చిత్రకాది వటి వ్రాసి పంపివేస్తే అది వైద్యం కాదు. కనుక నేను అడిగే ప్రశ్నలలో ఒకటి తప్పక ఉంటుంది: “నిన్న రాత్రి ఏమి తిన్నావమ్మా, ఎవరు పెట్టినారు?” ఏ పట్టికలోనూ ఈ ప్రశ్న నాకు కనబడలేదు. ఉండవలెను.

ఇప్పుడు గృహిణులు ముఖ్యంగా గమనింపవలసిన విషయం. వృద్ధుల వివరాలలో అన్నిటికంటె ఎక్కువగా విడిచిపెట్టబడేది, వారు ఇప్పటికే వాడుతున్న మందుల జాబితా. ఆస్పత్రిలో ఆయుర్వేదం సంగతి చెప్పరు, తిడతారని భయం. మా దగ్గర మాత్రల సంగతి చెప్పరు, నొచ్చుకుంటామని మొగమాటం. ఈ రెండు మౌనాల మధ్య నలిగేది రోగి.

అతిమధురం దగ్గుకు, కడుపులో మంటకు శ్రేష్ఠమైనది. కాని రక్తపోటు ఉన్న వృద్ధుడు దానిని వారాల తరబడి వాడితే పోటు పెరుగుతుంది, రక్తంలో పొటాషియం తగ్గుతుంది. మూత్రం జారీచేసే మాత్రలు కూడా వేసికొనుచున్నచో ఆ తగ్గుదల మరింత ప్రమాదం. విరేచనం సాఫీగా కావడానికి సునాముఖి కలిసిన చూర్ణాలను ఏండ్ల తరబడి వాడేవారికీ ఇదే హెచ్చరిక. లవణభాస్కర చూర్ణం పేరులోనే లవణం ఉన్నది. ఉప్పు మానమని చెప్పబడిన హృద్రోగికి అది తగదు. అరిష్టాలు, ఆసవాలు బెల్లంతో పులియబెట్టినవి, సహజంగా పుట్టిన మద్యాంశం వాటిలో ఉంటుంది. మధుమేహ రోగికి, కాలేయం చెడినవానికి చెప్పకుండా పోయరాదు. అశ్వగంధ థైరాయిడ్ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవారి విషయంలో ఆలోచించి ఇవ్వవలసినది. పొడపత్రి, మెంతులు మధుమేహ మాత్రలతో కలిసి పనిచేస్తే చక్కెర మరీ పడిపోవచ్చును. యువకుడైతే చెమట పట్టి, వణికి తెలిసికొంటాడు. 78 ఏండ్ల అవ్వ తెల్లవారుజామున మాట తడబడి పడిపోతుంది, ఇంటివారు పక్షవాతం అనుకుంటారు. ఇక అంగడిలో చీటీ లేకుండా కొని మింగే నొప్పి మాత్రలు మూత్రపిండాలకు చేసే కీడు అందరికీ తెలిసినదే, అయినా మానరు.

మూలికలకు శక్తి లేదని కొందరు, మూలికలకు కీడు లేదని కొందరు వాదిస్తారు. శక్తి ఉన్నచో కీడు చేసే శక్తి కూడా ఉంటుంది. ఈ రెండు వాదాలనూ ఒకేసారి నమ్మేవారు కూడా ఉన్నారు, వారితో ఏమి చెప్పగలం?

అందువలన ప్రతి ఇంట ఒక నోటుపుస్తకం ఉంచండి. పెద్దవారి పేరు, వయస్సు, ఆ వయస్సు ఎట్లా తెలిసినదో, ఎత్తు, బరువు వ్రాయండి. ఆరు నెలలకొకసారి బరువు చూడండి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నచో ఆ ఒక్క అంకె ఎన్నో పరీక్షలకంటె ముందే హెచ్చరిస్తుంది. గడచిన ఏడాదిలో ఎన్నిసార్లు పడినారు, ఎక్కడ పడినారు అని వ్రాయండి. చూపు, వినికిడి, పండ్లు, నిద్ర, రాత్రి మూత్రం సంగతి వ్రాయండి. వాడుతున్న ప్రతి మందు, ఏ వైద్యానిదైనా సరే, కషాయంతో సహా వ్రాయండి. ఖాళీ అట్టలు పారవేయక ఒక సంచిలో దాచండి. ఏ వైద్యుని దగ్గరకు పోయినా ఆ పుస్తకమూ సంచీ ముందు బల్లమీద పెట్టండి. చూడనని ప్రక్కకు నెట్టే వైద్యుడు ఏ పద్ధతివాడైనా, మరొకరిని వెదకుకొనండి.

చివరిగా నా తోటి వైద్యులకు ఒక మాట. రోగుల మీద జరిపే పరిశోధనలను ముందుగానే నమోదు చేయు జాతీయ పట్టీ మన దేశంలో 2007లో మొదలైనది. 2009 నుండి ఔషధ ప్రయోగాలకు అది తప్పనిసరి చేయబడినది. ఆయుర్వేద పరిశోధనలు కూడా అందులో చేరుతున్నవి, ఇది సంతోషించదగినది. కాని పల్లెలో కూర్చున్న వైద్యుడు అంతవరకు పోలేడు, పోనక్కరలేదు. గీతల పుస్తకం ఒకటి చాలు. కీళ్ళనొప్పులతో వచ్చిన 20 మంది వృద్ధులకు రాస్నాది కషాయం ఇచ్చినాననుకోండి. కషాయం కాచడానికి ముందే ఆ 20 మంది పేర్లకు ఎదురుగా పై వివరాలన్నీ ఉండవలెను. రెండు నెలల తరువాత 14 మంది వచ్చి “మేలు” అన్నారు. పత్రికకు వ్యాసం వ్రాసే ఉత్సాహంలో “14 మందిలో 14 మందికి గుణం” అని వ్రాయడం సులభం. రాని ఆరుగురు ఏమైనారు? ఎవరినైనా పంపి కనుగొనవలెను. ఒకామె కూతురు ఊరికి పోయి ఉండవచ్చును. ఒకాయనకు చేదు సహించక మొదటి వారమే మాని ఉండవచ్చును. ఒకరికి నొప్పి ఎక్కువై నెల్లూరు ఆస్పత్రిలో చేరి ఉండవచ్చును. ఇద్దరికి మందు తెచ్చిపెట్టే మనిషి లేకపోయి ఉండవచ్చును. ఒకరు కాలం చేసి ఉండవచ్చును. ఆ ఆరు పేర్లూ, ఆ ఆరు కారణాలూ కూడా అదే పుస్తకంలో, అదే సిరాతో ఉండవలెను.